భీమఖండంలో దండనకు అవధి: ‘నిత్యశిక్ష’ వాదంతో తులనాత్మక పరిశీలన

నరకశిక్ష శాశ్వతమా, సావధికమా అన్న వివాదం క్రైస్తవ వేదాంతంలో ప్రాచీనమైనది. మూడవ శతాబ్దివాడైన ఆరిజెన్ దైవదండనను చికిత్సగా భావించి, సకల జీవులూ తుదకు దైవాన్ని చేరగలవని ఆశించాడు. ఐదవ శతాబ్దిలో అగస్టీన్ ‘దైవనగరం’ 21వ భాగంలో ఇటువంటి ఆశను ఖండించాడు. మత్తయి సువార్త 25:46లో శిక్షకూ, జీవానికీ ఒకే విశేషణం ఉన్నది. ఒకటి ముగిసేదైతే రెండవదీ ముగియవలసిందేనని అతని తర్కం. ఆ గ్రీకు విశేషణానికి మూలం ‘యుగం’ అనే అర్థమున్న పదం కనుక అది అంతులేనితనాన్నే చెప్పనక్కరలేదని సర్వరక్షణవాదుల సమాధానం. తెలుగు బైబిలులోని ‘నిత్యశిక్ష’, ‘నిత్యజీవము’ అనే పదాలలో ఈ సందిగ్ధతకు చోటు లేదు.

ఉభయపక్షాల వాదంలోనూ ఒక భావన అంతర్లీనంగా ఉన్నది: శిక్షకు అంతముంటే ముక్తి సర్వులకూ సిద్ధించినట్లే. ఈ రెండూ వేరువేరు విషయాలని గ్రహించడానికి ద్రాక్షారామ మాహాత్మ్యాన్ని కీర్తించే శ్రీనాథుని భీమఖండం తోడ్పడుతుంది.

కాశిలో భిక్ష దొరకక ఆగ్రహించి నగరాన్నే శపించబూనిన వ్యాసుని శివుడు వెడలగొడతాడు. మరణమాత్రాన ముక్తినిచ్చే క్షేత్రం నుండి బహిష్కరణ సామాన్యదండన కాదు, మోక్షద్వారం మూసుకొనడమే. అయితే కథ అక్కడ ఆగదు. కాశీవియోగాన్ని తానూ అనుభవించిన అగస్త్యుడు, భోగమోక్షాలు రెండింటికీ నెలవైన దక్షవాటికను వ్యాసునికి ఎరుకపరుస్తాడు. కాశిలో దండించిన శివుడే ఇక్కడ భీమేశ్వరుడై ఆదరిస్తాడు. క్షేత్రనామమూ ఈ భావాన్నే బలపరుస్తుంది. శివద్రోహియై తల కోల్పోయిన దక్షుడు మేషశిరస్సుతో మళ్లీ బ్రతికాడని పురాణకథ. శిక్ష ముగిసింది, దాని గుర్తు మిగిలింది. అపరాధి పేరే పుణ్యక్షేత్రానికి పేరయింది.

ఇంతమాత్రాన భీమఖండాన్ని సర్వముక్తివాద కావ్యమనడం అతివ్యాప్తి. ఇక్కడి ఫలం క్షేత్రాన్ని ఆశ్రయించినవారిది. ఆశ్రయించనివారి గతి ఈ కథకు విషయం కాదు. నిత్యనరకభావన భారతీయ దర్శనాలలో లేనే లేదనడమూ సరికాదు; మాధ్వమతం తమోయోగ్యులైన జీవులకు అంతులేని దుఃఖాన్ని అంగీకరించింది.

కాగా, వ్యాసుని కథ స్థాపించేది పరిమితమైన సత్యం: దండన దైవం చివరిమాట కాదు. అది ముగిసిన చోట ముక్తి తనంతట రాదు. ముక్తికి మార్గం మాత్రం మళ్లీ తెరుచుకొంటుంది. ఆ దారిన నడవవలసిన బాధ్యత జీవునిదే. కరుణను కాదనకుండా, బాధ్యతను తేలిక చేయకుండా శ్రీనాథుడు నిలిపిన ఈ సమతూకమే తులనాత్మక విమర్శ గుర్తించవలసిన విశేషం.