గడియారం గుడ్డను కత్తిరించదు

పిండంలో వెన్నెముక ఎలా రూపుదిద్దుకుంటుందని అడిగితే పాఠ్యగ్రంథాలు ముందుగా చూపేది ఒక గడియారాన్ని. కాబోయే వెన్నుకు ఇరుపక్కలా ఉన్న కణజాలం తల నుంచి తోక వైపుగా జతలు జతలుగా ఖండాలవుతుంది. ఈ ఖండాలే సోమైట్లు; వెన్నుపూసలు, పక్కటెముకలు, కండరాలు వీటినుంచే వస్తాయి. కణాలలో ఒక లయ ఉందనీ, ఒక్కో ఆవృత్తికి ఒక్కో జత తెగుతుందనీ 1976లో కుక్, జీమన్‌లు ఊహించారు. 1997లో కోడి పిండంలో సరిగ్గా అలాగే, 90 నిమిషాలకొకసారి చురుకయ్యే జన్యువు దొరికింది. ఇక సమస్య తీరిపోయిందన్న ధోరణి అప్పటినుంచే మొదలైంది.

కాని వేళ తెలిపేది గడియారం. కొలతకు తగ్గట్టు కత్తిరించేదెవరు?

స్విట్జర్లాండ్‌లోని లోసాన్‌లో నాగనాథన్, పోపోవిచ్, ఓట్స్‌లు జరిపి 2022లో 'నేచర్' పత్రికలో ప్రచురించిన పరిశోధన ఈ ప్రశ్నను సూటిగా పట్టుకుంది. జీబ్రా చేప పిండంలో అప్పుడే ఏర్పడిన సోమైట్ల పొడవులు ఒక తీరుగా ఉండవు. చాలా జతలలో కుడి ఎడమలకు పొంతన కుదరదు. గంట తిరగకుండానే అవి సర్దుకుంటాయి. పొడవు తగ్గినది వెడల్పు పెరుగుతుంది, ఘనపరిమాణం మాత్రం మారదు. నీటి బొట్టును గుండ్రంగా ఉంచే తలతన్యతే ఇక్కడా పనిచేస్తోందని వీరి వాదన.

వాదనకు బలం రెండు వైపులా పరీక్షించడంలో ఉంది. కణాలను పరిసరాలతో పట్టి ఉంచే ఫైబ్రోనెక్టిన్, ఇంటెగ్రిన్‌లను దెబ్బతీస్తే సర్దుబాటు కుంటుపడింది. గడియారాన్ని చెడగొట్టినా సర్దుబాటు మాత్రం ఆగలేదు. ఇలాంటి జంట పరీక్ష లేని సిద్ధాంతాలు మనం ఎన్ని చదవలేదు!

అయితే దీన్ని పట్టుకుని అంతా బలాల మహిమే అనడం తొందరపాటు. మొదటి గీత గీసేదెవరో ఈ పత్రం చెప్పదు, చెప్పానని అనదు కూడా. 2014లో స్టెర్న్ బృందం కోడి కణజాలంలో గడియారం లేకుండానే సోమైట్లను తెప్పించింది. పరిమాణం సరిగానే వచ్చింది గాని ముందు సగం, వెనుక సగం అనే తేడా వాటిలో రాలేదు. ఆ తేడా లేకపోతే నాడులు వెన్ను నుంచి క్రమంగా బయటికి రాలేవు. కనుక గడియారాన్ని పక్కన పెట్టడానికి వీల్లేదు.

పుట్టుకతోనే వెన్ను వంకర ఉన్న పిల్లలలో కొందరికి గడియార జన్యువుల లోపాలు కనిపించాయి. చాలామందికి కారణం తేలడం లేదు. అటువంటివారిలో కణాల పట్టును నిలిపే జన్యువులను కూడా వెతకడం సమంజసం. మానవ మూలకణాల నుంచి పాత్రలో పెంచిన సోమైట్లు 2022 నాటికే వచ్చాయి, వాటి ఆవృత్తి సుమారు 5 గంటలు. చేపలో తీసిన కొలతలు మనిషికి ఎంతవరకు వర్తిస్తాయో తేల్చవలసింది అక్కడే.