నువో, ఎన్విడియా: ఏది ఎలా మొరాయిస్తుంది?

లైనక్స్‌లో ఎన్విడియా కార్డును నడిపించడానికి ప్రధానంగా రెండు డ్రైవర్లున్నాయి. కంపెనీ వివరాలు చెప్పకపోయినా, కార్డు పనితీరును పట్టి పట్టి చూసి స్వచ్ఛంద ప్రోగ్రామర్లు రాసుకున్నది నువో. 2010లో 2.6.33 కెర్నెల్‌తో అది లైనక్స్‌లో చేరింది. రెండోది కంపెనీ డ్రైవర్. వేగంలో వీటి మధ్య పోటీయే లేదు, కంపెనీదే పైచేయి. కానీ కంప్యూటర్ ఆన్ చేస్తే తెర నల్లగానే ఉండిపోయిన రోజున చూడాల్సింది వేగం కాదు, ఏది ఎందుకు చెడుతుందన్నది.

నువో కెర్నెల్‌లోనే ఉంటుంది, దానితోపాటే మారుతుంది. అందుకే కెర్నెల్‌తో దానికి పేచీ తక్కువ. చిక్కంతా కార్డుతోనే. 2014 నాటి రెండో తరం మాక్స్‌వెల్ నుంచి కార్డులు కంపెనీ సంతకమున్న ఫర్మ్‌వేర్‌నే ఒప్పుకుంటాయి. పాత డిస్ట్రోలో కొత్త కార్డు ఫర్మ్‌వేర్ ఉండదు. కొత్త ల్యాప్‌టాప్‌లో దాన్ని పెడితే ఇన్‌స్టాల్ దగ్గరే ఆగిపోవడం అందుకే. బూట్ మొదట్లో వచ్చే గ్రబ్ మెనూలో ‘ఈ’ నొక్కి, ‘లైనక్స్’తో మొదలయ్యే వరుస చివర ‘నోమోడ్‌సెట్’ చేర్చి ఎఫ్10 నొక్కితే, యూఈఎఫ్ఐ ఇచ్చిన సాదా తెరతో బూట్ అవుతుంది. ఇది ప్రథమ చికిత్స మాత్రమే. అలాగే వదిలేస్తే కార్డు ఖాళీగా కూర్చుంటుంది, బొమ్మలు గీసే భారం ప్రాసెసర్ మీద పడుతుంది.

కంపెనీ డ్రైవర్‌కు కార్డు గుట్టంతా తెలుసు. తెలియనిది రేపు రాబోయే కెర్నెల్. మాడ్యూల్ బయటిది కాబట్టి కెర్నెల్ మారిన ప్రతిసారీ దాన్ని డీకేఎంఎస్ అనే సాధనం మళ్ళీ కట్టాలి. ఆ కెర్నెల్ హెడర్లు లేకపోతే కట్టలేదు. కట్టినా, సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉండి సంతకం లేకపోతే కెర్నెల్ లోపలికి రానివ్వదు. బూట్ మొదట్లో వాడే ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌లోంచి నువో ముందే లోడై కార్డును పట్టుకున్నా దీనికి చోటుండదు. అందుకే ఇది నిన్నటిదాకా బాగా నడిచి, అప్‌డేట్ మర్నాడు మొరాయిస్తుంది.

జబ్బులు ఎదురెదురు, మందులూ అంతే. కంపెనీ డ్రైవర్ చెడితే గ్రబ్‌లో పాత కెర్నెల్‌కు వెళ్ళాలి, దాని మాడ్యూల్ సాధారణంగా అక్కడే ఉంటుంది. కొత్త కార్డు మీద నువో చెడితే కొత్త కెర్నెల్‌కు, కొత్త ఫర్మ్‌వేర్‌కు వెళ్ళాలి. ఏది చెడిందో తేల్చడానికి, ఎలాగోలా బూట్ అయ్యాక, జర్నల్‌సీటీఎల్‌తో అంతకుముందు బూట్ లాగ్ తిరగెయ్యాలి.

నువోకు బహిరంగ కోడ్ ఉందన్న పాత తేడా ఇప్పుడు పలచబడింది. 2022లో ట్యూరింగ్, ఆ తర్వాతి కార్డులకు కంపెనీ తన కెర్నెల్ మాడ్యూళ్ళను బహిరంగం చేసింది. 2024 జనవరిలో వచ్చిన 6.7 కెర్నెల్ నుంచి నువో కూడా ఆ కార్డుల్లోని జీఎస్‌పీ అనే చిన్న ప్రాసెసర్ ఫర్మ్‌వేర్‌ను వాడుకోగలుగుతోంది. మూసిన గది, అంటే కంపెనీ బయటపెట్టని ఆ ఫర్మ్‌వేర్, ఇద్దరికీ ఒకటే. మిగిలిన అసలు తేడా కెర్నెల్ లోపల ఉండటమా, బయట ఉండటమా అన్నదే. సాఫీగా బూట్ అవడం వరకు నా ఓటు లోపలున్న నువోకే. సీయూడీఏ (CUDA) పని కోసం, అంటే కార్డుతో లెక్కలు చేయించడానికి, కంపెనీ డ్రైవర్ తప్పనివాళ్ళు మాత్రం కొత్త కెర్నెల్ నిలదొక్కుకునేదాకా పాతదాన్ని తీసెయ్యకూడదు.