రికార్డు కాని పాటలు: కంచన్‌బాగ్ బాల్యం, ఎనిమిది పాటల లెక్క

నీ చిన్నప్పటి పాటలు చెప్పు అని తరగతి గదిలో అడిగి చూడండి. గోండు పిల్లవాడైనా, కోయ పిల్ల అయినా, లంబాడా పిల్ల అయినా ముందు సినిమా పాటలే చెబుతారు. కొంచెం ఆగి మళ్ళీ అడిగితే యూట్యూబ్‌లో విన్న జానపదం ఒకటి చెబుతారు. అమ్మ పాడిన పాట చెప్పమంటే నవ్వి తల దించుకుంటారు. ఇందులో పిల్లల తప్పేమీ లేదు. ప్రశ్నలోనే ఒక షరతు దాగి ఉంది. పాట అంటే దానికో పేరుండాలి, రాసినవారుండాలి, ఫోన్‌లో వెతికితే దొరకాలి. మన ఇళ్ళలో వినబడిన పాటల్లో చాలావాటికి ఈ మూడూ లేవు. అందుకే అవి జాబితాకు ఎక్కవు.

ఈ షరతు మన దగ్గర పుట్టింది కాదు. బి.బి.సి. రేడియోలో 1942 నుంచి ‘డెసర్ట్ ఐలాండ్ డిస్క్స్’ అనే కార్యక్రమం వస్తోంది. ఎవరూ లేని దీవిలో చిక్కుకుపోతే వెంట ఏ ఎనిమిది రికార్డులు ఉండాలని కోరుకుంటారో అతిథి చెప్పాలి. ఒక్కొక్క పాట దగ్గర ఆగి తన బతుకు చెప్పుకోవాలి. ఆట మంచిదే. మనిషి ఏరుకున్న పాటల్లో ఆ మనిషి కనిపిస్తాడు. అయితే రికార్డు లేని పాట ఆ దీవికి చేరదు. మన పత్రికల్లో వచ్చే ‘నా బాల్యం, నా పాటలు’ తరహా వ్యాసాలు కూడా ఎక్కువగా ఈ గీత లోపలే తిరుగుతాయి. రేడియో, క్యాసెట్, టీవీ అని వరుసగా సాగుతాయి. ఆ మూడూ ఆలస్యంగా వచ్చిన ఇళ్ళ బాల్యం నిశ్శబ్దంగా గడిచిందా? మా ఇల్లు ఎప్పుడూ నిశ్శబ్దంగా లేదు.

అదే ఆటను కంచన్‌బాగ్‌లో ఆడి చూద్దాం. హైదరాబాదు పాతబస్తీ అంచున ఉన్న ఈ చోటు దేశానికి క్షిపణుల వల్ల తెలుసు. 1970లో భారత్ డైనమిక్స్, 1973లో మిధాని ఏర్పడ్డాయి. రక్షణ పరిశోధన ప్రయోగశాల డి.ఆర్.డి.ఎల్. కూడా ఇక్కడే. దానికి 1982లో అబ్దుల్ కలాం డైరెక్టరుగా వచ్చారు. గోడల లోపల ప్రయోగశాలలు, క్వార్టర్లు. గోడల బయట ఉర్దూ మాట్లాడే బస్తీలు, తెలుగు మాట్లాడే కూలీ కుటుంబాలు, వాళ్ళ మధ్య మేము. దేవరకొండ వైపు తండాల నుంచి కరువుకు తట్టుకోలేక సాగర్ రోడ్డు పట్టుకుని వచ్చిన లంబాడాలు సైదాబాద్ సింగరేణి కాలనీలోనూ, చుట్టుపక్కల ఖాళీ జాగాల్లోనూ గుడిసెలు వేసుకున్నారు. మా కుటుంబమూ అలా వచ్చిందే. తొంభైలలో నేను అక్కడ పెరిగాను.

ఎనిమిది పాటలే అంటే నా లెక్క ఇది. మొదటిది, శుక్రవారం రాత్రి పక్కింటి కిటికీలోంచి విన్న దూరదర్శన్ చిత్రలహరి పాట. రెండోది, ఇరానీ హోటల్ రేడియోలో మోగిన హిందీ పాట. మూడోది, ఉర్సు రోజుల్లో దర్గా మైకులోంచి అర్ధరాత్రి దాకా వచ్చిన ఖవ్వాలీ. నాలుగోది, ఆషాఢం బోనాలకు పోతరాజు ముందు మోగిన డప్పు. దానికి మాటలు లేకపోయినా నా లెక్కలో అది పాటే. ఐదోది, స్లాబు పోసే రోజు కాంక్రీటు గంపలు అందించుకుంటూ ఆడవాళ్ళు గోర్‌బోలిలో పాడుకున్నది. ఆరోది తీజ్ పాట. ఏడోది హోళీకి పాడే లేంగి. ఎనిమిదోది పెళ్ళికూతురి ఢావ్లో.

మొదటి నాలుగూ నగరానివి, చివరి నాలుగూ మావి. మొదటి రెండింటిని ఈ రోజు కూడా నిమిషంలో వినిపించగలను. చివరి నాలుగింటిలో నేను విన్న పాటను విన్నట్టుగా ఒక్కటి కూడా వినిపించలేను. జాబితా సగం మోగుతుంది, సగం మోగదు. నా చదువు, నా సిగ్గు, నా భాష ఏ సగంలో పెరిగాయో ఇక్కడే తేలిపోతుంది. బడిలో పాట పాడమంటే చిత్రలహరి పాట పాడేవాణ్ణి. ఒకసారి తీజ్ పాట మొదలుపెడితే, ‘అదేం భాషరా’ అని ఒక సారు నవ్వారు. తరగతి అంతా నవ్వింది. ఆ తర్వాత ఆ పాట బడి గేటు దాటి లోపలికి రాలేదు.

అలాగని నగరపు నాలుగు పాటలు కొట్టేసి, తండా పాటలతోనే జాబితా నింపితే అదీ అబద్ధమే అవుతుంది. ఇప్పుడు కొందరు మిత్రులు అలా చేస్తున్నారు. సభలో పరిచయం చేసుకునేటప్పుడు తమ బాల్యమంతా నంగారా చప్పుడులోనే గడిచినట్టు చెబుతారు. ఇది ఎదుటివాళ్ళు మననుంచి వినాలనుకునే బాల్యం. కంచన్‌బాగ్ లంబాడా పిల్లవాడికి ఖవ్వాలీ పరాయిది కాదు. పని లేని రోజు మా యాడి ఆ మైకు పాట వింటూనే నన్ను నిద్రపుచ్చేది. సినిమా పాట అంటే ఇష్టమని చెప్పడానికి సిగ్గుపడటం, గోర్‌బోలి పాట వచ్చని చెప్పడానికి సిగ్గుపడటం, రెండూ ఒక్క సిగ్గే. ముందు జాబితా నిజంగా ఉండాలి, తర్వాతే దాన్ని విమర్శించాలి.

ఇప్పుడు విమర్శకు వద్దాం. సినిమా వాళ్ళు నేపథ్య సంగీతం అంటారు. సన్నివేశం ముందు జరుగుతుంది, సంగీతం తర్వాత వచ్చి దాని వెనక చేరుతుంది. బాల్యానికి పాటలు ఏరుకునేవాళ్ళు కూడా తెలియకుండా ఇలాగే ఆలోచిస్తారు. జరిగిన దాని వెనక ఒక పాట పెడతారు. మా పాటలు వెనక ఉండేవి కావు. తీజ్‌కు పెళ్ళికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు నీళ్ళు పోసి, చుట్టూ తిరిగి ఆడుతూ పాడతారు. పాట తీసేస్తే మిగిలేది బుట్టలో మొలిచిన గోధుమ నారు మాత్రమే. పండుగను పండుగ చేసేది పాటే. స్లాబు పోసే రోజూ అంతే. గంప ఏ చేతి నుంచి ఏ చేతికి ఎప్పుడు పోవాలో పాట నడక చెప్పేది. కాంక్రీటు మిల్లరు మోత పెరిగినకొద్దీ ఆ పాట వినబడకుండా పోయింది. అది ఏ పాట అని అడిగితే చెప్పలేను కానీ, ఏ పని చేసిందో చెప్పగలను.

గోర్‌బోలి పాటలు ఇప్పుడు రికార్డు అవుతున్నాయి కదా అంటారు. అవుతున్నాయి, సంతోషం. అనంతపురం జిల్లా తండా నుంచి వచ్చిన మంగ్లీ తీజ్ పాటలను యూట్యూబ్‌కు తెచ్చింది. తమ భాషలో పాట ఫోన్‌లో మోగడం మన పిల్లలకు ఎంత ధైర్యమిచ్చిందో బడిలో చూస్తున్నాం. నవ్విన తరగతే ఇప్పుడు ఆ పాటకు ఆడుతోంది. ఈ మేలు ఒప్పుకోవాలి. తేడా కూడా చెప్పుకోవాలి. తండాలో ఒక వరుస పాడితే ఎదుటి వరుస అందుకుంటుంది. ఆట ఆగినప్పుడే పాట ఆగుతుంది. రికార్డులో ఒక గొంతు ముందుకొస్తుంది, నాలుగైదు నిమిషాలకు పాట అయిపోతుంది. వినేవాడికి అందుకునే వరుస ఉండదు. రికార్డును తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. రికార్డు విన్న పిల్ల ఎదుటి వరుసలో నిలబడి అందుకోవడం కూడా నేర్చుకోవాలి.

ఇంకో ఉదాహరణ. ఈనాటి బడిపిల్లల బాల్యపు పాటల్లో 2022లో వచ్చిన ఆర్.ఆర్.ఆర్. సినిమాలోని ‘కొమురం భీముడో’ తప్పక ఉంటుంది. సుద్దాల అశోక్ తేజ రాశారు, కాలభైరవ పాడారు. మన వీరుడి పేరు దేశమంతా మోగిందని గర్వపడటం సహజం. అయితే ఆ సినిమాలో భీం ఢిల్లీలో బ్రిటిష్ దొరల కొరడా కింద ఉంటాడు. చరిత్రలో భీం పోరాడింది నిజాం సర్కారు అటవీ, రెవెన్యూ అధికారులతో, ఆసిఫాబాద్ అడవుల్లోని పన్నెండు గూడేల భూమి కోసం. 1940లో జోడేఘాట్ దగ్గర ప్రాణమిచ్చాడు. సినిమా పాటలో దెబ్బలు తట్టుకునే శరీరం ఉంది, భూమి తగాదా లేదు. ఆ పాట పిల్లవాడి జాబితాలో ఉండనివ్వండి. దాని పక్కన ‘భీం ఎవరితో పోరాడాడు, దేనికోసం’ అని రాయించండి. జాబితాలో పాట పక్కన రాసే ఆ రెండు మాటలే విమర్శ.

ఇక ఢావ్లో. అత్తింటికి పోయే పిల్ల తన వాళ్ళను ఒక్కొక్కరినే కావలించుకుని ఏడుస్తూ పాడే పాట అది. పాత వరుస ఉంటుంది, మాటలు ఆ పిల్లవే. తండ్రికి ఒకటి, అన్నకు ఒకటి, చిన్ననాటి స్నేహితురాలికి ఒకటి. ఫంక్షన్‌హాల్ పెళ్ళిళ్ళు, డీజేలు వచ్చాక దానికి చోటు తగ్గింది. తగ్గిందని మనం బాధపడతాం. ఆ బాధలో ఒక మోసం ఉండే ప్రమాదం ఉంది. నేను విన్న ఢావ్లోలలో కొన్ని పద్నాలుగు, పదిహేనేళ్ళ పిల్లల గొంతువి. బడి మానేసి పెళ్ళిపీటల మీదికి వచ్చిన పిల్లలు. ఆ పాట ఎంత అందంగా ఉందో చెప్పి, ఆ పిల్ల వయసు చెప్పకపోతే మన విమర్శ పాట పక్షాన నిలబడి పాడిన మనిషిని వదిలేసినట్టే. పాట మిగలాలి. పద్నాలుగేళ్ళ పిల్ల దాన్ని తన పెళ్ళిలో పాడవలసిన అవసరం పోవాలి. రెండూ కలిపి కోరుకోవచ్చు.

ఇదంతా ఒకరి జ్ఞాపకాల సంగతి మాత్రమే అయితే ఇంత రాయనక్కరలేదు. 2011 జనగణనలో లంబాడీ మాతృభాషగా చెప్పుకున్నవారు 32 లక్షలకు పైనే. ఆ లెక్కను హిందీ కింద కలిపి చూపారు. గోండి మాట్లాడేవారు 29 లక్షలకు పైన. ఇంతమంది ఉన్నా, పాటలు గుర్తున్నవారు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. కోయల వంశగాథలు పాడిన సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024లో కన్నుమూశారు. మార్లవాయి గుస్సాడీ గురువు కనకరాజుకు 2021లో పద్మశ్రీ వచ్చింది, ఆయనా 2024లోనే వెళ్ళిపోయారు. పురస్కారం వాళ్ళను గౌరవించింది. నేర్చుకోవలసిన పని మనకు మిగిలింది.

అందుకే ఉపాధ్యాయ మిత్రులకు ఒక మాట. ‘నీకిష్టమైన పాట ఏది’ అని అడగకండి. ‘నీ చిన్నప్పుడు మీ ఇంట్లో, మీ వాడలో ఏమేం వినబడేవి’ అని అడగండి. ప్రతి పాట పక్కన నాలుగు సంగతులు రాయించండి: ఎవరు పాడారు, ఏ భాషలో, ఏ పని చేస్తూ, ఎవరు అందుకున్నారు. భాష ఏదైనా తెలుగు లిపిలో రాసుకోవచ్చు. ఫోన్‌లో రికార్డు చేసే ముందు పాడేవారిని అడగాలి. కొన్ని పాటలు చావుకు, కొన్ని పూజకు, కొన్ని వంశగాథలు ప్రధానులో, తోటీలో, డోలి కోయలో మాత్రమే పాడేవి. వాటిని పాడేవారి మాట ప్రకారమే తీసుకోవాలి.

పిల్లలకు ఎనిమిది గడులు గీసి ఇవ్వండి. ఏడు గడులు బడిలోనే నింపమనండి. ఎనిమిదోది ఖాళీగా ఇంటికి పంపండి, అమ్మనో నానమ్మనో అడిగి నింపుకొని రమ్మని.