నిలిచిన గీతతో ముగియు ప్రయోగము

టెక్కలి, పలాస ప్రాంతపు కళాశాలలలో ఆసిలోస్కోపును మొదటిసారి ముట్టుకొను విద్యార్థికి తెరపై కనిపించునది పరుగెత్తు గీతల గుంపు. ట్రిగ్గర్ నాబ్‌లను సర్ది దానిని నిలుపుమని ప్రయోగ పుస్తకములు సామాన్యముగా ఒక్క వాక్యములో చెప్పి ఊరకుండును. ఏ నాబ్, ఎందుకు త్రిప్పవలెనో చెప్పవు. నేటి డిజిటల్ పరికరములలోని ఆటోసెట్ బటన్ ఆ కొద్దిపాటి ఆలోచనను గూడ మాన్పించినది. గీత నిలుచును, విద్యార్థి దానిని గ్రాఫు కాగితముపై దింపుకొని పోవును.

భావనపాడు ఒడ్డున నీటిలో ఒక రాట పాతి, దానిపై ఒక గుర్తు పెట్టి, పైకి లేచు నీరు ఆ గుర్తును తాకిన క్షణముననే ప్రతిసారి ఫొటో తీయవచ్చును. (జాలరులు నవ్విన నవ్వవచ్చును.) అలలు ఒకే తీరున నున్నచో ఆ ఫొటోలను ఒకదానిపై నొకటి పేర్చినపుడు ఒక్క అలయే కనిపించును. ట్రిగ్గర్ చేయు పని ఇదే. గుర్తు ఉన్న ఎత్తు లెవెల్. నీరు లేచునపుడా దిగునపుడా అనునది స్లోప్. గుర్తు అల తలకంటె పైన నున్నచో ఫొటోయే లేదు. 2 వోల్టుల శిఖరము గల సంకేతమునకు లెవెల్‌ను 3 వోల్టుల వద్ద పెట్టినచో, నార్మల్ పద్ధతిలో తెర ఖాళీగా నుండును. విద్యార్థి బెదరి ఆటో పద్ధతికి పోవును. అందు ట్రిగ్గర్ దొరకకున్నను యంత్రము కొంత వేచి తనంతట తానే గీత గీయును. ఆ గీత పరుగెత్తును. ఖాళీ తెర నిజమే చెప్పినది. దానిని చూచి భయపడుట నేర్పినది బోధన.

పెద్ద అల వెనుకనే చిన్న అల లేచి అదియు గుర్తును తాకినచో? ఒక్క ఆవృత్తికి రెండు ఫొటోలు, తెరపై జంట బొమ్మ. అపుడు లెవెల్‌ను చిన్న శిఖరమునకు పైగా ఎత్తవలెను, లేదా హోల్డాఫ్ నాబ్‌తో రెండవ తాకిడి గడచువరకు ట్రిగ్గర్‌ను ఆపవలెను. సైన్ తరంగముతోనే ప్రయోగమును ముగించు పుస్తకములందు ఈ చిక్కు ఎదురే పడదు.

ఉద్దానములో అది చిన్న చిక్కు కాదు. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు మండలములలో మూత్రపిండముల వ్యాధి ఎన్నో ఇండ్లను పట్టి పీడించుచున్నది. 2023 డిసెంబరులో పలాసలో దీనికై 200 పడకల ఆసుపత్రియు, పరిశోధన కేంద్రమును ప్రారంభమైనవి. మూత్రపిండములు చెడినపుడు రక్తములో పొటాషియం పెరుగవచ్చును. పెరిగినచో ఇ.సి.జి.లోని టి-తరంగము ఎత్తై మొనదేలవచ్చును. గుండె ఒకసారి కొట్టుకొనుటకు ఒక్క ఆర్-శిఖరమునే లెక్కింపవలసిన మానిటరు, ఆ టి-తరంగమును గూడ లెక్కించినచో 60 సార్లు కొట్టుకొను గుండెకు 120 అని చూపును. ఎంత ఎత్తు టి-తరంగమును తమ యంత్రము త్రోసివేయగలదో తయారీదారులు తెలుపవలెనని అంతర్జాతీయ ప్రమాణములే కోరుచున్నవి. అయినను నాడి పట్టి చూచి, యంత్రము దేనిని పట్టుకొన్నదో తెరపై గుర్తింపవలసినది మనిషియే. ఆటోసెట్ నొక్కుట మాత్రమే నేర్చి వచ్చిన టెక్నీషియన్ ఆ అంకెనే నమ్మును.

ఎత్తు వేరైన రెండు శిఖరముల సంకేతమును తయారు చేయుటకు ఒక ఆర్డునో పలకయు, రెండు వేర్వేరు విలువల నిరోధకములును చాలును. దానిని ఇచ్చి, ఆటోసెట్‌ను ముట్టనీయక, లెవెల్ ఎక్కడ పెట్టెనో, హోల్డాఫ్ ఎంతో, ఎందుకో రికార్డులో వ్రాయించవలెను. మార్కులు ఆ వ్రాతకే ఇయ్యవలెను.