నక్షత్రాల లెక్కలో మన వంతు

సికింద్రాబాద్ పక్కనే బేగంపేటలో ఒకప్పుడు గాజు పలకల మీద ఆకాశాన్ని కొలిచేవారు. 1901లో నవాబ్ జాఫర్ జంగ్ మొదలుపెట్టిన నిజామియా వేధశాల, ఆయన పోయాక 1908లో నిజాం ప్రభుత్వం చేతికొచ్చింది. అంతకుముందే, 1887లో పారిస్‌లో పెద్ద సంకల్పం ఒకటి చెప్పుకున్నారు: ఆకాశాన్ని పట్టీలుగా కోసి, దేశదేశాల వేధశాలలు తలా ఒకటి పంచుకుని, నక్షత్రాల పట్టిక తయారుచేయాలని. ఖగోళ మధ్యరేఖకు దక్షిణంగా 17 నుంచి 23 డిగ్రీల దాకా ఉన్న పట్టీ హైదరాబాద్ వంతుకు వచ్చింది. ఒక పలక మూల పక్క పలక నడిమధ్యకు వచ్చేలా ఫొటోలు తీయడం ఆ పని పద్ధతి. అలా ప్రతి చుక్కా రెండు పలకల మీద పడుతుంది. ఒక కొలత తప్పితే రెండోది పట్టిస్తుంది.

ఆ శ్రమ వృథా పోలేదు. 2000లో వచ్చిన టైకో-2 పట్టికలో 25 లక్షల నక్షత్రాలున్నాయి. అవి ఏటా ఎంత కదులుతున్నాయో తేల్చడానికి హిప్పార్కస్ ఉపగ్రహం కొలతలను ఆ పాత పలకల లెక్కలతో పోల్చి చూశారు. జాగ్రత్తగా కొలిచి, అందరికీ అందేలా అచ్చువేసి ఉంచారు కాబట్టే అది కుదిరింది.

పంచుకుని చేసే ఆ పని ఇవాళ కోడ్‌లో సాగుతోంది. ఖగోళ పరిశోధకులు ఎవరికి వారు రాసుకుంటున్న పైథాన్ ప్రోగ్రాములను ఒకచోట చేర్చడానికి 2011లో ఆస్ట్రోపై ప్రాజెక్టు మొదలైంది. కోడంతా గిట్‌హబ్‌లో తెరిచే ఉంటుంది. సికింద్రాబాద్‌లో ల్యాప్‌టాప్ ఉన్న బీటెక్ విద్యార్థి ఎవరైనా దాన్ని దించుకుని, మార్చి, తిరిగి పంపొచ్చు.

అలా దిద్దాల్సిన తప్పులు ఎలా ఉంటాయో చూడండి. ఆకాశంలో తూర్పు పడమరల స్థానాన్ని 0 నుంచి 360 డిగ్రీల దాకా లెక్కిస్తారు. ఒక నక్షత్రం 359 దగ్గర, మరొకటి 1 దగ్గర ఉన్నాయనుకుందాం. రెండూ పక్కపక్కనే. మామూలు సగటు తీస్తే కంప్యూటర్ 180 అంటుంది, అంటే ఆకాశానికి సరిగ్గా అవతలి వైపు! ప్రోగ్రాం ఆగిపోదు, ఎర్రర్ చూపదు. అసలు ప్రమాదం అదే. ఇలాంటిది కంటబడితే ముందు ఇష్యూ రాయాలి: ఏమిచ్చాం, ఏమొచ్చింది, ఏం రావాలి. ఆపై రిపోను ఫోర్క్ చేసి, అంటే కోడ్‌కు మన సొంత ప్రతి తీసుకుని, వేరే బ్రాంచ్‌లో మొదట టెస్ట్ రాయాలి. 359, 1 ఇస్తే 0 రావాలని. అది ఫెయిలవడం కళ్లారా చూశాకే ఫంక్షన్ మీద చెయ్యి వేయాలి. నా మటుకు దిద్దుబాటు కన్నా టెస్టే విలువైనది. పదేళ్ల తర్వాత ఎవరో ఆ ఫంక్షన్‌ను తిరగరాసినా, పాత తప్పు మళ్లీ దూరకుండా అది కాపలా కాస్తుంది.

మార్పును కలుపుకోమని పుల్ రిక్వెస్ట్ పెట్టాక, ప్రాజెక్టును చూసుకునే మెయింటెయినర్లు గుచ్చి గుచ్చి అడుగుతారు. రుణ కోణం ఇస్తే? ఖాళీ జాబితా ఇస్తే? వాళ్లలో చాలామంది సొంత పరిశోధన మధ్య తీరిక చేసుకుని చదివేవాళ్లే. జవాబు ఆలస్యమైతే నొచ్చుకోనక్కర్లేదు. అడిగినవి మార్చి మళ్లీ పంపడమే పని. ఒకరు రాసింది మరొకరు చదవనిదే మెర్జ్ కాదు. ఆ కోడ్ ఇచ్చే ఫలితాల మీద పరిశోధన పత్రాలు నిలబడాలి కాబట్టి ఆ కట్టుబాటు నాకెంతో గౌరవనీయంగా తోస్తుంది.

ఫిజిక్స్ లోతుగా రాదని వెనకాడేవాళ్లు డాక్యుమెంటేషన్‌తో మొదలుపెట్టొచ్చు. ట్యుటోరియల్‌ను వరసగా నడిపి చూసి, ఏ వాక్యం దగ్గర ఆగిపోయామో ఆ వాక్యాన్నే తేటగా రాసి పంపితే, దానికీ అదే రివ్యూ, ప్రాజెక్టు చరిత్రలో అదే చోటు.