అత్తయ్యకు అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ ఎందుకు?

కొత్త కంప్యూటర్ కొన్న బంధువులు నన్ను ముందుగా అడిగేది, ఏ యాంటీవైరస్ కొనాలని. విండోస్‌తో పాటే వచ్చే డిఫెండర్ ఇంటి వాడకానికి సరిపోతుందని నా అభిప్రాయం. వాళ్లు అడగనిది ఒకటుంది, నేను మాత్రం దానితోనే మొదలుపెడతాను: రోజూ వాడే అకౌంట్ ఏ రకానిది?

విండోస్‌లో మొదట తయారయ్యే అకౌంట్ అడ్మినిస్ట్రేటర్‌ది. ఇంటిల్లిపాదీ ఏళ్ల తరబడి దాంట్లోనే సినిమాలు చూస్తారు, బిల్లులు కడతారు. ఏదో ప్రోగ్రామ్ అనుమతి అడుగుతుంది, అలవాటుగా 'యెస్' నొక్కుతారు, సిస్టమంతా దాని చేతికి వెళ్లిపోతుంది. అందుకే సెట్టింగ్స్‌లోని అకౌంట్స్‌లో కొత్త అకౌంట్ తెరిచి దాన్ని అడ్మినిస్ట్రేటర్ చేస్తాను. గట్టి పాస్‌వర్డ్ పెట్టి, ఒకసారి అందులోకి వెళ్లి, పాత అకౌంట్‌ను స్టాండర్డ్‌కు దించుతాను. ఇలా చేస్తే ఫైళ్లూ, బుక్‌మార్కులూ ఎక్కడివక్కడే ఉంటాయి.

"ప్రతిదానికీ పాస్‌వర్డ్ అంటే ఎలారా?" అంది మా అత్తయ్య.

"ప్రతిదానికీ కాదత్తయ్యా, కొత్తదేదైనా ఎక్కించేటప్పుడే."

పాస్‌వర్డ్ కొట్టాల్సి వస్తే ఎవరైనా కాస్త ఆగుతారు. నేనేమీ ఎక్కించడం లేదే, ఇదెందుకు అడుగుతోందన్న అనుమానం వస్తుంది. ఆ అనుమానం రావాలనే ఈ ఏర్పాటంతా.

తర్వాత ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ, అందులో షో, అక్కడ 'ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్'కు టిక్ పెడతాను. ఫైలు పేరు చివరి ముక్కను విండోస్ మామూలుగా దాచేస్తుంది. 2000 మే నెలలో ప్రపంచమంతా పాకిన 'ఐ లవ్ యూ' వైరస్‌కు ఇదే కలిసొచ్చింది. ఈమెయిల్‌తో వచ్చిన ఫైలు పేరు చివర 'డాట్ టీఎక్స్‌టీ డాట్ వీబీఎస్' అని ఉండేది. చివరి ముక్క కనబడకపోవడంతో చాలామంది మామూలు ఉత్తరమనుకుని తెరిచారు. ఈ రోజు 'కరెంట్ బిల్ డాట్ పీడీఎఫ్ డాట్ ఈఎక్స్‌ఈ' అని వచ్చినా అంతే.

అప్‌డేట్లను వాయిదా వేయొద్దు. ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే రాన్సమ్‌వేర్ ఒకటి, వాన్నాక్రై, 2017 మే 12న విరుచుకుపడింది. అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చి 14నే మరమ్మతు విడుదల చేసింది. ఆ మరమ్మతు వేసుకోని కంప్యూటర్లే ఎక్కువగా దొరికిపోయాయి, వాటిలో ఆంధ్రప్రదేశ్ పోలీసులవీ ఉన్నాయి. విండోస్ 10కు మామూలు సపోర్ట్ కూడా 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇంకా దానిమీదే ఉన్నవాళ్లు మారే ఆలోచన చేయాలి.

ఇన్ని చేసినా ఒక ప్రమాదం మిగులుతుంది. స్టాండర్డ్ అకౌంట్ సిస్టమ్‌ను కాపాడుతుంది గానీ మీ ఫొటోలను కాపాడలేదు. వాటిని మార్చే హక్కు మీకుంది కాబట్టి, మీ అకౌంట్‌లో నడిచే రాన్సమ్‌వేర్‌కూ ఉంటుంది. తెలియని ప్రోగ్రామ్‌లు మీ ఫైళ్లను మార్చకుండా ఆపడానికి విండోస్ సెక్యూరిటీలో 'కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్' అని ఒకటుంది, మనమే ఆన్ చేసుకోవాలి. కొన్ని మంచి ప్రోగ్రామ్‌లనూ అది అడ్డుకుంటుంది. విసుగొచ్చి దాన్ని తీసేయకండి, ఆ ప్రోగ్రామ్‌కు మాత్రం అనుమతి ఇవ్వండి.

నాకు అన్నిటికంటే నమ్మకమైనది ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్. కంప్యూటర్‌కు తగిలించి వదిలేస్తే రాన్సమ్‌వేర్ దాన్నీ వదలదు. పిల్లల ఫొటోలూ, ఇంటి కాగితాల స్కాన్లూ ముందు కాపీ చేయండి. అయ్యాక ఆ డిస్క్‌లోంచే రెండు మూడు ఫైళ్లు తెరిచి చూసుకుని, అప్పుడు తీసి పక్కన పెట్టండి.