బాలనాగమ్మ: మాయలూ, మమతలూ

సురభి వారి ‘బాలనాగమ్మ’ను మాయలు, మంత్రాలు, పలాయనవాదం అని మూడు మాటల్లో తేల్చేసినవాళ్ళలో నేనూ ఉన్నాను. హనుమకొండలో ఆ నాటకం చూసిన తర్వాత నా తీర్పు మీద నాకే అనుమానం కలిగింది.

జనం ఈలలు వేసింది మాయలకే, నిజమే. పొగ లేచి, రాణి కుక్కగా మారినప్పుడు హాలు దద్దరిల్లింది. కాని హాలు నిశ్శబ్దమయింది అక్కడ కాదు. ఏళ్ళ తరబడి ఫకీరు చెరలో ఉన్న తల్లి ముందుకు, ఉయ్యాలలో వదిలిన కొడుకు పెరిగి వచ్చి నిలబడ్డప్పుడు. నేను చూసిన ప్రదర్శనలో ఆమె వెంటనే కౌగిలించుకోలేదు. ఇదీ ఫకీరు మాయేనేమోనని రెండడుగులు వెనక్కి వేసింది. అంతకాలం మాయల మధ్య బతికిన మనిషి మమతను సైతం శంకించక తప్పదు. ఇది మానసిక వాస్తవికత కాక మరేమిటి? అద్భుత కథలో ఇంత గట్టి వాస్తవికత ఉంటుందని నేననుకోలేదు.

అంతకన్నా నన్ను కదిలించింది పూలదండలు గుచ్చే ముసలమ్మ. దిక్కులేని కుర్రవాణ్ణి మనుమడని చెప్పి ఇంట్లో పెట్టుకుంటుంది. రాజు సైన్యం రాయి అయిపోయిన చోట కూలి చేసుకుని బతికే అవ్వ గుడిసె ఆశ్రయమయింది. జానపదుడి వర్గస్పృహ ఈ ఘట్టంలో ఉన్నది. విచారమేమంటే నాటకం ఈ పాత్రకు రెండు మాటలిచ్చి, హాస్యానికి వాడుకుని పంపేసింది.

తల్లి పాత్రధారిణి రాగాలాపన దీర్ఘమయిన కొద్దీ దుఃఖం పలుచబడింది. పైగా ‘వన్స్ మోర్’ అన్నారు. ఆమె కళ్ళు తుడుచుకుని, కొడుకును మళ్ళీ కొత్తగా గుర్తుపట్టింది! తాదాత్మ్యం ప్రేక్షకుడి ఆలోచనను మింగేస్తుందని బ్రెహ్ట్ శంకించాడు. మన పద్యనాటకంలో ఆ తాదాత్మ్యాన్ని ప్రేక్షకుడే తెంచేస్తాడు, ఆలోచన కోసం గాక పాట కోసం.

అయినా ఆ ఘట్టం నిలిచిందంటే కారణం సురభి జీవనవిధానంలోనే ఉన్నదనుకుంటాను. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచకవధ’తో మొదలయిన ఈ నాటక సంప్రదాయం కుటుంబాల మీద నడిచింది. స్త్రీ వేషాలు స్త్రీలే కట్టారు, పిల్లలు రంగస్థలం మీదే పెరిగారు. రాణి వేషం తీసేసి తెరవెనుక తాడు లాగేదీ, పిల్లలకు అన్నం పెట్టేదీ ఆ మనుషులే. ఆ వాత్సల్యం వెనుక శ్రమ ఉన్నది.

ఇక అసలు చిక్కు. ఈ కన్నీళ్ళన్నీ ఎవరి మీద కోపంగా మారుతున్నాయి? విలన్ ఫకీరు. మా హనుమకొండ పక్కనే కాజీపేట దర్గా. ఉర్సుకు హిందువులూ ముస్లిములూ కలిసే వెళ్తారు, ఫకీరు చేత నెమలీకల కట్టతో పిల్లలకు దీవెనలు ఇప్పించుకుంటారు. ఆ జనమే హాల్లో ఫకీరు గడ్డం చూసి పళ్ళు కొరికారు. నా పక్కన కూర్చున్న మా ఉర్దూ మాస్టారు తల్లీకొడుకులు కలిసినప్పుడు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఫకీరు ప్రవేశించిన ప్రతిసారీ వాచీ చూసుకున్నారు. ఇంటికి వెళ్ళేటప్పుడు మేమిద్దరం పాటల గురించే మాట్లాడుకున్నాం. ఆ సంగతి ఎత్తే ధైర్యం నాకు లేకపోయింది.

జానపద కథను మార్చకూడదనే వాదం వింటూంటాం. అది నిలవదు. 1942లో జెమినీ వారు తీసిన సినిమాలో ఇదే మాంత్రికుడు మాయల మరాఠీ. ఫకీరు మరాఠీ అయినా చిలుకలోని ప్రాణం చిలుకలోనే ఉంది, తల్లి కన్నీరు ఒక్క బొట్టూ తగ్గలేదు. పరాయివాడని తోచిన ప్రతివాడికీ ఆ వేషం తొడగవచ్చునన్నమాట. అయితే తీసేయనూ వచ్చు. వట్టి మాంత్రికుడు చాలు. ఆ మిగిలిన సమయం ఆ పూలవ్వకు ఇమ్మని నాటకసమాజాల వారిని అడుగుతున్నాను.